మూడు వేల డాలర్లు, రెండు రైఫిళ్లు, ఒక ఎడమచేతి వాటం

మూడు వేల డాలర్లు. రైఫిల్ కొనడానికి అంతకు మించి ఒక్క డాలరు పెట్టినా ఊరుకునేది లేదని మా ఆవిడ జనవరిలోనే తేల్చి చెప్పింది. తుపాకి దాచే ఇనప్పెట్టె ఆ లెక్కలోకి రాదు, అది ముందు ఇంటికి వచ్చి గోడకు బిగించాకే తక్కిన మాట అన్నది రెండో షరతు. రెండూ న్యాయంగానే తోచాయి, ఒప్పుకున్నాను. 2025 జనవరిలో మొదలైన ఈ వ్యవహారం మే మొదటి వారానికి ముగిసింది. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లలో ఈ ఆలోచన చేస్తున్నవారికి పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన, శివారులో. హెచ్1బి మీద ఉన్నన్నాళ్లూ ఈ ఊసే ఎత్తలేదు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉందని చెప్పేవాళ్లు చాలామంది తగిలారు. ఆ మాట నిజమే కానీ, వీసా పొడిగింపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ అలాంటి సందులు వెతుక్కునే ధైర్యం నాకు లేదు. 2022లో గ్రీన్ కార్డు చేతికొచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆఫీసులో ఒక సహోద్యోగి తను వెళ్లే రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్లాడు. వరుసగా నిలబెట్టిన ఉక్కు పలకలను తక్కువ సమయంలో కొట్టాలి, గడియారం నడుస్తూ ఉంటుంది, అంతే పోటీ. పలక మోగినప్పుడు వచ్చే ఆ టంగుమనే చప్పుడుకు అలవాటు పడ్డాను. ఎంతకాలమని అతని రైఫిలే అడుగుతాం?

ఏఆర్ అని పిలిచే ఈ తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు పేలేది) ఆరేడు వందల డాలర్లకు కూడా దొరుకుతుంది. మొదట చౌకది కొని, తర్వాత మంచిది కొని, చివరికి రెండింటి డబ్బూ పెట్టే అలవాటు నాకు ఇతర వస్తువుల విషయంలో ఉంది కాబట్టి, ఈసారి ఒకేసారి మంచిది కొనాలని మా ఆవిడే అంది. వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. ఒకటి జార్జియా రాష్ట్రంలో తయారయ్యే డేనియల్ డిఫెన్స్ డిడిఎం4 వి7. పదహారంగుళాల బ్యారెల్ (గొట్టం), తేలికైన ఒళ్లు, అందరూ మెచ్చుకునే పనితనం. రెండోది అయోవాలో తయారయ్యే ఎల్‌ఎంటి మార్స్-ఎల్. న్యూజిలాండ్ సైన్యం తన సైనికులకు ఎంచుకున్నది ఈ రకమే. దీని పై భాగం, ముందు చేయి పట్టుకునే భాగం కలిపి ఒకే అల్యూమినియం దిమ్మె నుంచి తీస్తారు. రెండు మరలు వదులు చేస్తే బ్యారెల్ బయటికి వచ్చేస్తుంది, ఇంకోటి పెట్టుకోవచ్చు. అన్నింటికన్నా నన్ను పట్టేసింది వేరే సంగతి: సేఫ్టీ మీట, మ్యాగజైన్ (గుళ్లు నింపే డబ్బా) వదిలే మీట, బోల్ట్ (గుండును బ్యారెల్లోకి తోసే భాగం) వదిలే మీట, అన్నీ కుడివైపూ ఎడమవైపూ రెండేసి ఉంటాయి.

నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు అన్నం కుడిచేత్తో తినడం నేర్పించగలిగారు కానీ బంతి విసరడం, సుత్తి పట్టడం మాత్రం ఎవరివల్లా మారలేదు. నాకోసమే చేసిన రైఫిల్ ఒకటుంది అనగానే మనసు అటు వెళ్లిపోయింది. ఫిబ్రవరి అంతా ఎవరడిగినా ఎల్‌ఎంటి అనే చెప్పాను.

ఫిబ్రవరి ఆఖర్లో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. షాపుల్లో ఎల్‌ఎంటి 2,700 డాలర్లు పలుకుతోంది. మా దగ్గర అమ్మకం పన్ను 8.25 శాతం, అంటే ఇంకో 223 డాలర్లు. మొత్తం 2,923. చేతిలో మిగిలేది 77. ఆ డబ్బుతో గురి చూసుకునే సైట్ రాదు, గుళ్లు నూటయాభై కూడా రావు. డేనియల్ డిఫెన్స్ 1,900. పన్నుతో 2,057. మిగిలేది 943. తేడా పెద్దదని ముందే తెలుసు గానీ, పన్ను కూడా వేశాక కాగితం మీద చూస్తే ఇంకోలా ఉంది. ఎనిమిది వందల చిల్లర పెట్టి నేను కొంటున్నది ప్రధానంగా రెండోవైపు మీటలు. అవి నాకు అంత అవసరమా కాదా అన్నది చేత్తో పట్టుకుని చూస్తేనే తేలుతుంది.

మార్చిలో ఒక శనివారం ఇండోర్ రేంజికి వెళ్లాం. డేనియల్ డిఫెన్స్ అక్కడ అద్దెకు ఇస్తారు. ఎల్‌ఎంటి ఎక్కడా అద్దెకు దొరకలేదు, అదృష్టవశాత్తూ సహోద్యోగి స్నేహితుడి దగ్గర ఉంది, అతను తీసుకొచ్చాడు. రేంజి అద్దె, రైఫిల్ అద్దె, గుళ్లు కలిపి ఆ పూట వంద డాలర్లు దాటింది. అద్దె తుపాకిలో వాళ్ల దగ్గర కొన్న గుళ్లే వాడాలి, ఆ ధర బయటికంటే ఎక్కువ. సొంత గుళ్లు తెచ్చుకుంటే కౌంటర్ దగ్గర అయస్కాంతం పెట్టి చూస్తారు, ఉక్కు ఉన్నవాటిని లోపలికి రానివ్వరు. నాలుగు గోడల మధ్య ఈ రైఫిల్ చప్పుడు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. చెవుల్లో నురుగు బిరడాలు పెట్టి, పైన చెవి కప్పులూ పెట్టుకోండి. ఒకటి చాలదు.

అసలు సంగతి ఇక్కడే బయటపడింది. మామూలు ఏఆర్ రైఫిల్లో బోల్ట్ వదిలే మీట ఎడమవైపు ఉంటుంది. కుడిచేతివాళ్లు మ్యాగజైన్ మార్చాక ఎడమచేతి బొటనవేలితో దాన్ని నొక్కుతారు. నేను ఎడమచేత్తో పిడి పట్టుకుని నిలబడితే, ట్రిగ్గర్ దగ్గర నుంచి తీసి నిటారుగా పెట్టుకున్న నా చూపుడువేలు కాస్త పైకి జరిగితే సరిగ్గా ఆ మీట మీదికే వస్తోంది. పిడి మీది చేయి కదపనే అక్కర్లేదు. ఎంతో ఖర్చు పెట్టి కుడిచేతివాళ్లు కొనుక్కునే సౌకర్యం నాకు పుట్టుకతోనే ఉందన్నమాట. మ్యాగజైన్ వదిలే మీట కుడివైపు ఉంటుంది. పాత మ్యాగజైన్ లాగడానికి కుడిచెయ్యి ఎలాగూ అక్కడికి వెళ్తుంది, ఆ చేతి బొటనవేలితోనే నొక్కేస్తే సరి. మొదటి రెండు మ్యాగజైన్లు తడబడ్డాను, మూడో దానికల్లా చెయ్యి దానంతటదే వెళ్లింది.

ఇబ్బంది పెట్టింది సేఫ్టీ మీట ఒక్కటే. నేను అద్దెకు తీసుకున్నదానికి అది ఎడమవైపే ఉంది. నా బొటనవేలు ఉండేది కుడివైపు. దాన్ని తిప్పాలంటే పిడి మీద పట్టు మార్చాల్సి వచ్చింది. ఇది చిన్న ఇబ్బంది కాదు, భద్రతకు సంబంధించింది. కానీ రెండువైపులా ఉండే సేఫ్టీ మీట విడిగా యాభై డాలర్ల లోపే దొరుకుతుంది. కొనబోయే రైఫిల్‌కు అది ముందే ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఎడమచేతివాళ్లను భయపెట్టే ఇంకో మాట, పేలిన గుళ్ల ఖాళీ తొడుగులు మొహం మీదికి ఎగురుతాయని. తొడుగులు బయటపడే కంత కుడివైపు ఉంటుంది, మన మొహం కూడా ఆ వైపే ఉంటుంది కాబట్టి ఆ భయం సహజం. కంతకు వెనక చిన్న గుబ్బలాంటి భాగం ఉంటుంది, తొడుగు దానికి తగిలి ముందుకు మళ్లిపోతుంది. ఆ పూట ఒక్కటి కూడా నా మీద పడలేదు. మూతి మీదికి కాస్త పొగ వచ్చిన మాట నిజం, కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఎల్‌ఎంటి గురించి కూడా నిజం చెప్పాలి. చేతిలోకి తీసుకోగానే దాని గట్టిదనం తెలిసిపోతుంది. ఎక్కడా వదులు లేదు, పేల్చినప్పుడు కదలిక మెత్తగా ఉంది. బరువు కూడా ఎక్కువే. బల్ల మీద పెట్టి కాల్చేవాళ్లకు ఆ బరువు మేలు చేస్తుంది. నిలబడి, ఒక పలక నుంచి ఇంకో పలకకు తిప్పుతూ కాల్చే నాకు పది నిమిషాలకే ఎడమ భుజం కింద తెలిసింది. ఇక గురి మాటకొస్తే, రెండింటితోనూ నా గుళ్లు దాదాపు ఒకే వెడల్పున పడ్డాయి. రెండు రైఫిళ్ల సామర్థ్యమూ నా చేతికన్నా చాలా పైన ఉంది. అలాంటప్పుడు మిగిలిన డబ్బు నా చెయ్యి బాగుపడడానికి ఖర్చయితే మంచిది కదా అనిపించింది. ఇంటికి వచ్చేసరికి మనసు డేనియల్ డిఫెన్స్ మీద స్థిరపడింది.

సైట్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందు చెప్పరు. అందరూ రెడ్ డాట్ కొనమన్నారు. గాజులో ఒక ఎర్రచుక్క కనిపిస్తుంది, దాన్ని లక్ష్యం మీద పెట్టి కాల్చడమే. షాపులో కళ్లు పెట్టి చూస్తే నాకు చుక్క కనిపించలేదు. తోకచుక్కలా పక్కకు పాకిన ఎర్రటి మరక కనిపించింది. ఇంకో కంపెనీది చూశాను, అదే మరక. వస్తువు పాడైందేమో అన్నాను. అమ్మకందారు నవ్వి, ఫోను కెమెరాతో ఆ గాజులోంచి ఫొటో తీయమన్నాడు. ఫొటోలో చుక్క గుండ్రంగా, ముచ్చటగా ఉంది. లోపం నా కంట్లో ఉంది. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేని దృష్టి లోపం) ఉన్న చాలామందికి ఇలాగే కనిపిస్తుందట. అలాంటివాళ్లకు ప్రిజం సైట్ నయం. అందులో గురి గుర్తు గాజు మీదే చెక్కి ఉంటుంది, బ్యాటరీ అయిపోయినా నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. కంటిచూపుకు తగ్గట్టు సరిచేసుకునే వలయం కూడా ఉంది. బిగించే పట్టుతో సహా 330 డాలర్లు. కళ్లద్దాలు పెట్టుకునే వాళ్లెవరైనా చుక్కను కళ్లారా చూడకుండా ఆన్‌లైన్‌లో కొనకండి.

ఏప్రిల్ మొదటి వారంలో ఇనప్పెట్టె వచ్చింది. 380 డాలర్లు. ఇక్కడొక తీపి కబురు: టెక్సస్‌లో తుపాకి భద్రతకు వాడే పెట్టెలు, తాళాల మీద 2021 నుంచి అమ్మకం పన్ను లేదు. బిల్లులో పన్ను వేస్తే అడగండి. దాన్ని పడగ్గది అల్మరాలో గోడ కర్రలకు బోల్టులతో బిగించడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. మాకు తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి తూటాలు నింపిన తుపాకి అందేలా వదిలేస్తే ఇక్కడ పెద్దవాళ్ల మీద నేరం. చట్టం లేకపోయినా పెట్టె కొనేవాళ్లమే. తాళం సంఖ్య నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. గుళ్లు వేరే పెట్టెలో, వేరే గదిలో.

ఏప్రిల్ 25, శుక్రవారం. లంచ్ అయ్యాక షాపుకు వెళ్లాను. అరగంటలో పని అయిపోతుందని చెప్పారు. ఫెడరల్ ఫారం 4473 నింపాలి. మన పేర్లతో మొదటి చిక్కు అక్కడే. నా డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు చివర, రెండు ముక్కల సొంత పేరులో రెండోది మధ్యపేరుగా పడింది. గ్రీన్ కార్డులో ఆ రెండు ముక్కలూ కలిసి మొదటి పేరు. ఏది రాయాలి? చూపిస్తున్న గుర్తింపు కార్డులో ఎలా ఉందో అలా రాయమన్నాడు కౌంటర్‌లో అతను. ఇంటిపేరును ఒక్క అక్షరంగా వాడుకునేవాళ్లకు, మధ్యపేరు లేనివాళ్లకు ఆ గడిలో ఏం రాయాలో ఫారంలోనే సూచన ఉంది, ఖాళీ వదలకూడదు. కార్డు మీది చిరునామా ఇప్పుడుంటున్నదే అయి ఉండాలి. ఇల్లు మారి కార్డు మార్చుకోకపోతే ప్రభుత్వం ఇచ్చిన ఇంకో పత్రం చూపాలి. పౌరసత్వం గడిలో భారతదేశం అని రాశాను. గ్రీన్ కార్డు మీది ఏలియన్ నంబరు (ఎ-నంబరు) కూడా అడుగుతారు, జేబులో అసలు కార్డు ఉంచుకోండి.

తర్వాత అవును, కాదు ప్రశ్నలు. వలసేతర వీసా మీద ఉన్నారా అన్నదానికి కాదు అని గుర్తు పెట్టే దగ్గర చెయ్యి ఒక క్షణం ఆగింది. ఎన్నో ఏళ్లు ప్రతి ఫారంలోనూ దానికి అవుననే రాశాను మరి. గంజాయి ప్రశ్న దగ్గర హెచ్చరిక ఉంది: రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టానికి అది నిషిద్ధమే. ఈ తుపాకి అసలు కొనుగోలుదారు మీరేనా అన్నది మొదటి ప్రశ్నల్లోనే ఉంటుంది. స్నేహితుడు డబ్బిచ్చి అతని కోసం మీ పేరు మీద కొనమంటే, దండం పెట్టి తప్పుకోండి. అబద్ధం రాయడమే పెద్ద నేరం. పైగా తుపాకికి సంబంధించిన నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లనూ దేశం నుంచి పంపించేయవచ్చు. మా ఆవిడ భయమంతా ఇదే. ప్రతి ప్రశ్ననూ రెండుసార్లు చదివాను. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇష్టముంటేనే ఇవ్వవచ్చు, నేను ఇచ్చాను. అదే పేరున్న మరొకరితో మనల్ని పొరబడకుండా అది పనికొస్తుంది.

అతను ఎఫ్‌బీఐ తనిఖీకి పంపాడు. వచ్చే జవాబులు మూడు: ముందుకు సాగవచ్చు, నిరాకరణ, ఆలస్యం. నాకు మూడోది వచ్చింది.

ఆ ఒక్క మాట తెర మీద చూసి గొంతు ఎండిపోయింది. ఇన్నేళ్లలో ట్రాఫిక్ చలానా తప్ప ఏమీ లేదు. పక్కనే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, ఫారం నింపి, పది నిమిషాల్లో పెట్టె పట్టుకుని వెళ్లిపోయారు. కౌంటర్‌లో అతను ఏమాత్రం చలించలేదు, రోజూ ఒకటో రెండో ఇలా వస్తాయన్నాడు. పేరు, పుట్టిన తేదీ ఇంకెవరివైనా రికార్డుకు దగ్గరగా ఉంటే మనిషి కూర్చుని చూడాలట. మన పేర్లు ఎంతమందికి ఉంటాయో మనకు తెలియనిదా. నియమం ఇదీ: తనిఖీకి పంపిన రోజు కాకుండా మూడు పనిదినాలు గడిచినా ఎఫ్‌బీఐ నుంచి ఏ జవాబూ రాకపోతే, షాపువాళ్లు ఇవ్వదలిస్తే ఇవ్వవచ్చు. ఇచ్చి తీరాలని లేదు. మా షాపు పద్ధతి, జవాబు వచ్చేదాకా ఇవ్వకపోవడమే. ఎక్కడ కొన్నా ఈ సంగతి డబ్బు కట్టకముందే అడగండి. నేను డబ్బు కట్టి, ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను.

ఆ వారాంతం నాన్నకు ఫోన్ చేస్తే మాటల్లో విషయం చెప్పాను. ఊళ్లో మా తాతగారికి పంటల కాపలాకు లైసెన్సు తుపాకి ఉండేది. "ఒరేయ్, అక్కడ కూడా ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి రావాలా?" అని అడిగాడు నాన్న. అలాంటిదేమీ లేదంటే ఎంతకీ నమ్మలేదు. కలెక్టరాఫీసు లేకుండా, పోలీసు విచారణ లేకుండా షాపులో ఎలా ఇస్తారని ఆయన ఆశ్చర్యం. అదే ప్రశ్న సియాటిల్లో ఉన్న మా బావమరిదిని అడిగితే ఇంకో జవాబు వచ్చేది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ తరహా రైఫిళ్ల అమ్మకమే 2023 ఏప్రిల్లో ఆపేశారు.

సోమవారం కబురు లేదు. మంగళవారం లేదు. ఆఫీసులో ఫోను మోగితే చాలు లేచి బయటికి వెళ్లేవాణ్ణి. మా ఆవిడ రెండుమూడుసార్లు, "మన కార్డుకేం ఇబ్బంది రాదు కదండీ?" అంది. ఆలస్యం అంటే తప్పు చేసినట్టు కాదని ఆమెకు చెబుతూ నాకు నేనే చెప్పుకున్నాను. ఏప్రిల్ 30, బుధవారం మధ్యాహ్నం షాపు నుంచి ఫోన్, అనుమతి వచ్చిందని. సాయంత్రం వెళ్లి సంతకం మళ్లీ పెట్టాను. వేరే రోజున తీసుకుంటే ఆ రోజు మరోసారి సంతకం పెట్టాలి. రైఫిల్ పెట్టెతో బయటికి నడిచే సరికి నాకు ఆనందంకంటే అలసటే ఎక్కువ ఉంది.

చివరి లెక్క: రైఫిల్ పన్నుతో 2,057. ప్రిజం సైట్ 330, మ్యాగజైన్లు నాలుగు కలిపి 56, భుజానికి తగిలించే పట్టీ 50, గుళ్లు ఐదు వందలు ఒక్కోటి యాభై సెంట్ల చొప్పున 250. వీటి మీద పన్ను 57. మొత్తం 2,800. మిగిలిన రెండు వందల్లో 150 పెట్టి క్లబ్బులో ఒక పూట శిక్షణకు పేరు ఇచ్చాను. ఈ డబ్బు అన్నింటికన్నా బాగా ఖర్చయిందని నా అభిప్రాయం. సైట్‌ను యాభై గజాలకు సరిచేయడం వాళ్లే నేర్పారు. యాభై గజాల దగ్గర సరిచేస్తే ఈ గుండు సుమారు రెండు వందల గజాల దగ్గర మళ్లీ అదే ఎత్తుకు వస్తుంది, మధ్యలో తేడా స్వల్పం. మా క్లబ్బు పలకలన్నీ ఆ లోపే.

ఎల్‌ఎంటి కొని ఉంటే బాగుండేదా అని సహోద్యోగి అడుగుతుంటాడు. బల్ల మీద పెట్టి కాల్చేవాణ్ణయితే, బ్యారెల్ మార్చే అవసరం ఉంటే, చేతిలో ఇంకో వెయ్యి డాలర్లు ఉంటే అదే కొనేవాణ్ణి. ఎడమచేతి వాటం అన్న ఒక్క కారణానికైతే కొనను.

తనిఖీలో మాటిమాటికీ ఆలస్యం అయ్యేవాళ్లు ఎఫ్‌బీఐకి వేలిముద్రలతో దరఖాస్తు పంపితే, ఆమోదించాక ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తారు. ఆపై కొనేటప్పుడు ఫారంలో దాన్ని రాస్తే పేరు తికమక తగ్గుతుంది. ఇంకోటి కొనే ఉద్దేశం లేదని ఇంట్లో మాట ఇచ్చాను గానీ, దరఖాస్తు మాత్రం మే నెలలో పంపేశాను.